అణు నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా: స్వతంత్రతకు అదొక్కటే సరిపోతుందా?

సంక్షిప్తంగా: 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం అణు విద్యుత్ రంగంలోకి ప్రైవేటు సంస్థలకు దారి తెరిచింది. నాలుగు దశాబ్దాలుగా ప్రభుత్వ ఉత్తర్వు మీదే నడుస్తున్న అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా కూడా ఇచ్చింది. హోదా అవసరమే, ఆలస్యంగానైనా వచ్చింది. అయితే నియంత్రణ సంస్థ బలం దాని సభ్యులను ఎవరు ఎంపిక చేస్తారు, నిధులు ఎటునుంచి వస్తాయి, నిపుణులు ఎక్కడివారు, నిర్ణయాలకు కారణాలు ప్రజలకు తెలుస్తాయా అన్న అంశాలపై ఆధారపడుతుంది. ఈ విషయాల్లో భారత్ ఎక్కడుంది, జపాన్, అమెరికా అనుభవాలు ఏం చెబుతున్నాయి, కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉన్న ఆంధ్రప్రదేశ్‌కు దీనితో సంబంధమేమిటి అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఇప్పుడెందుకీ చర్చ

దేశంలో అణు విద్యుత్ స్థాపిత సామర్థ్యం ప్రస్తుతం దాదాపు 8,800 మెగావాట్లు. మొత్తం విద్యుదుత్పత్తిలో దీని వాటా సుమారు 3 శాతం. 2047 నాటికి ఈ సామర్థ్యాన్ని లక్ష మెగావాట్లకు చేర్చాలన్న లక్ష్యాన్ని కేంద్రం 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించింది. అంటే, ఐదున్నర దశాబ్దాలకు పైగా నిర్మించుకున్నదానికి పదకొండు రెట్లకు మించిన సామర్థ్యాన్ని రెండు దశాబ్దాల్లో సాధించాలి. ప్రభుత్వ సంస్థల పెట్టుబడితోనే ఇది కుదరదన్న అంచనాతో 1962 నాటి అణుశక్తి చట్టాన్ని, 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టాన్ని రద్దు చేసి, రెండింటి స్థానంలో ‘శాంతి’ అనే పొట్టిపేరుతో ఒకే చట్టాన్ని తెచ్చారు. యురేనియం సాంద్రీకరణ (ఎన్‌రిచ్‌మెంట్), వాడిన ఇంధనం పునఃశుద్ధి, రియాక్టర్లలో వాడే భారజలం ఉత్పత్తి వంటి సున్నితమైన పనులు కేంద్రం చేతిలోనే ఉంటాయి. విద్యుత్ కేంద్రాలను నిర్మించి నడిపేందుకు మాత్రం ప్రైవేటు సంస్థలు లైసెన్సు పొందవచ్చు.

చర్చ ఎక్కువగా పెట్టుబడులు, చిన్న రియాక్టర్లు, విదేశీ కంపెనీల చుట్టూ తిరుగుతోంది. ఈ కేంద్రాలన్నిటి భద్రతను పర్యవేక్షించాల్సిన సంస్థ ఎంత బలంగా ఉందన్న ప్రశ్నకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

ఒకే శాఖ, మూడు పాత్రలు

భారత అణు వ్యవస్థ మొదటి నుంచీ ప్రధానమంత్రి కార్యాలయానికి అత్యంత చేరువలో పెరిగింది. 1948లో అణుశక్తి కమిషన్, 1954లో ప్రధాని పరిధిలో అణుశక్తి శాఖ ఏర్పడ్డాయి. 1969లో తారాపూర్ కేంద్రం విద్యుదుత్పత్తి ప్రారంభించింది. పరిశోధన, రియాక్టర్ల నిర్మాణం, ఇంధన తయారీ, భద్రతా సమీక్ష అన్నీ చాలాకాలం అదే శాఖలోని కమిటీల చేతుల్లోనే సాగాయి. ప్రత్యేక నియంత్రణ సంస్థ కావాలన్న ఆలోచన 1979లో అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం తర్వాత బలపడింది. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, ముంబయి కేంద్రంగా ఏర్పడింది.

ఏర్పడిన పద్ధతిలోనే దాని బలహీనత ఉంది. పార్లమెంటు చట్టం చేసి దాన్ని నెలకొల్పలేదు. 1962 చట్టంలోని 27వ సెక్షన్ కేంద్రానికి ఉన్న అధికారాలను మరొకరికి అప్పగించడానికి వీలు కల్పించింది. ఆ సెక్షన్ ఆధారంగా జారీ అయిన ఉత్తర్వుతో మండలి పుట్టింది. అప్పగించిన అధికారాన్ని అప్పగించినవారు తగ్గించనూవచ్చు, మార్చనూవచ్చు. ఇది ఊహ కాదు. 2000 జూన్‌లో బాబా అణు పరిశోధన కేంద్రానికి చెందిన సదుపాయాలన్నిటినీ ఒక ఉత్తర్వుతో మండలి పరిధి నుంచి తప్పించి, ఆ కేంద్రం సొంత భద్రతా కమిటీకి అప్పగించారు. ఆ నిర్ణయం వెనుక వ్యూహాత్మక కారణాలు ఉండవచ్చు. కానీ నియంత్రణ సంస్థ పరిధిని పార్లమెంటులో చర్చ లేకుండా కుదించవచ్చని అది రుజువు చేసింది.

మండలి ఛైర్మన్ జవాబుదారీ అయ్యేది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్‌కు అధ్యక్షత వహించేది అణుశక్తి శాఖ కార్యదర్శి. విద్యుత్ కేంద్రాలు నడిపే భారత అణు విద్యుత్ సంస్థ (ఎన్‌పీసీఐఎల్), వాడినదానికంటే ఎక్కువ ఇంధనం తయారుచేసే ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ల కోసం ఏర్పాటైన భావిని రెండూ ఆ శాఖ సంస్థలే. మండలి బడ్జెట్ కూడా ఆ శాఖ ద్వారానే వచ్చేది. రియాక్టర్లను ప్రోత్సహించే పాత్ర, వాటి యజమాని పాత్ర, వాటిని తనిఖీ చేసే సంస్థకు పైఅధికారి పాత్ర ఒకే చోట చేరాయి. ఇందులో ఏ వ్యక్తి నిజాయితీనీ శంకించాల్సిన అవసరం లేదు. ఎంత నిజాయితీపరుడైన అధికారికైనా, తన సంస్థ భవిష్యత్తును నిర్ణయించే కార్యాలయపు ప్రాజెక్టును ఆపమని చెప్పడం కష్టమే. వ్యవస్థను ఆ కష్టం ఎదురుకాకుండా నిర్మించాలి.

అనుమతుల మెట్లు

ఇంతటి లోపం ఉన్నా, మండలి సాంకేతిక సమీక్షను తక్కువ చేసి చూడటం సరికాదు. కొత్త కేంద్రానికి మొదట స్థల ఎంపిక అనుమతి కావాలి. భూకంప తీవ్రత, వరద, తుపాను, సునామీ అవకాశాలు, చుట్టుపక్కల జనాభా, చల్లదనానికి వాడే నీటి లభ్యత అన్నీ ఈ దశలో పరిశీలిస్తారు. తర్వాత నిర్మాణ అనుమతి వస్తుంది, అదీ ఒకేసారి కాదు. తవ్వకం, మొదటి కాంక్రీటు, ప్రధాన యంత్రాల అమరిక అంటూ విడతలుగా ఇస్తారు. ఇంధనం నింపడానికి, గొలుసుకట్టు చర్యను మొదటిసారి ప్రారంభించడానికి, ఉత్పత్తిని అంచెలంచెలుగా పూర్తి సామర్థ్యానికి పెంచడానికి వేర్వేరు సమీక్షలుంటాయి. నడుస్తున్న కేంద్రం లైసెన్సును ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. పదేళ్లకోసారి మొత్తం భద్రతను తిరగదోడి చూస్తారు.

సిబ్బందికి రేడియేషన్ పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి సోకే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం). ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. అంతర్జాతీయ సిఫారసు ఒక ఏడాదికి 50 వరకు అనుమతిస్తుండగా, ఇక్కడ పరిమితిని మరింత బిగించారు. సాధారణ ప్రజలకు పరిమితి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్.

చిక్కు ఎక్కడుందంటే, ఈ సమీక్షలు జరిపే కమిటీల్లో మండలి సొంత సిబ్బందితో పాటు అణుశక్తి శాఖ సంస్థల నిపుణులూ, అక్కడ పనిచేసి విరమణ పొందినవారూ ఉంటారు. దేశంలో రియాక్టర్ భౌతికశాస్త్రం తెలిసినవారిలో ఎక్కువమంది ఆ శాఖలోనే తయారైనవారు కాబట్టి ఇది కొంతవరకు అనివార్యం. 1993 నుంచి 1996 వరకు మండలి ఛైర్మన్‌గా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ పదవీ విరమణ తర్వాత బహిరంగంగా లేవనెత్తిన ప్రధాన అభ్యంతరం కూడా ఇదే. ఆయన హయాంలోనే మండలి దేశంలోని అణు సదుపాయాల్లో పరిష్కరించాల్సిన వందకు పైగా భద్రతా అంశాలతో ఒక నివేదిక రూపొందించింది. ఆ నివేదికను ప్రజల ముందుంచలేదు.

నరోరా మంటల నుంచి కాగ్ నివేదిక దాకా

1993 మార్చి 31 తెల్లవారుజామున ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ బయటికి వచ్చి మంటలు రేగాయి. కేబుళ్లు కాలిపోవడంతో దాదాపు 17 గంటలు కేంద్రంలో విద్యుత్ సరఫరా పూర్తిగా నిలిచిపోయింది. సిబ్బంది డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపులతో నీరు పంపి రియాక్టర్‌ను కాపాడారు. రేడియేషన్ బయటికి రాలేదు. కానీ ప్రధాన కేబుళ్లు, ప్రత్యామ్నాయ కేబుళ్లు రెండూ ఒకే మంటకు ఆహుతయ్యేలా ఉండటం ఎంత పెద్ద లోపమో ఆ రాత్రి బయటపడింది. ఆ తర్వాత కేబుళ్ల అమరికలో, టర్బైన్ బ్లేడ్లలో మార్పులు చేశారు.

విద్యుత్ కేంద్రాలకు వెలుపల జరిగిన ఘటన మరింత విషాదకరం. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మిన పాత పరికరంలోని రేడియోధార్మిక పదార్థం కోబాల్ట్-60 ఢిల్లీలోని మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరింది. దాన్ని విడదీసిన కార్మికులు రేడియేషన్‌కు గురయ్యారు, వారిలో ఒకరు చనిపోయారు. మండలి పని విద్యుత్ కేంద్రాలకే పరిమితం కాదని, ఆసుపత్రులు, కర్మాగారాలు, ప్రయోగశాలల్లోని ప్రతి రేడియేషన్ మూలం లెక్క దాని దగ్గర ఉండాలని ఈ ఘటన గుర్తు చేసింది.

2012లో పార్లమెంటు ముందుకు వచ్చిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) నివేదిక ఈ లోటును అంకెల్లో చూపింది. దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే యూనిట్లు ఉంటే, మండలి వద్ద నమోదైనవి 5,270 మాత్రమే. మిగిలిన 91 శాతం నియంత్రణకు వెలుపలే నడుస్తున్నాయి. జాతీయ రేడియేషన్ భద్రతా విధానాన్ని రూపొందించాలని 1983 ఉత్తర్వులోనే ఉన్నా దాదాపు మూడు దశాబ్దాలు గడిచినా అది తయారు కాలేదు. నిబంధనల ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. మండలికి చట్టబద్ధ హోదా లేకపోవడాన్ని కాగ్ ప్రధాన లోపంగా ఎత్తిచూపింది. 2013లో పార్లమెంటు ప్రజాపద్దుల సంఘం కూడా అదే మాట చెప్పింది. నివేదిక వచ్చాక ఆన్‌లైన్ నమోదు వ్యవస్థ వచ్చింది. విధాన పత్రమూ వెలువడింది. హోదా మాత్రం మరో పుష్కరకాలం వేచి చూసింది.

మధ్యలో ఒక ప్రయత్నం జరగకపోలేదు. జపాన్‌లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత 2011 సెప్టెంబరులో అణు భద్రతా నియంత్రణ ప్రాధికార సంస్థ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ప్రధాని అధ్యక్షతన ఒక కౌన్సిల్, దాని కింద నియంత్రణ సంస్థ అన్నది అందులోని ప్రతిపాదన. ప్రభుత్వం ఆదేశాలిచ్చే అధికారం, అవసరమైతే సంస్థను పక్కనబెట్టే అధికారం బిల్లులోనే ఉండటంతో విమర్శలు వచ్చాయి. 2014లో లోక్‌సభ రద్దుతో అది మురిగిపోయింది. 2015 మార్చిలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణుల బృందం మండలి పనితీరును పరిశీలించి, దాని స్వతంత్రతను చట్టంలో పొందుపరచాలని సిఫారసు చేసింది.

జపాన్ నేర్చుకున్నది, అమెరికా సడలిస్తున్నది

జపాన్‌లో 2011కు ముందు అణు భద్రతను చూసే సంస్థ, అణు విద్యుత్తును ప్రోత్సహించే ఆర్థిక, వాణిజ్య, పరిశ్రమల శాఖలోనే ఉండేది. ఫుకుషిమా దైచీ కేంద్రాన్ని నడిపే టెప్కో సంస్థ, అక్కడికి 15 మీటర్లకు పైగా ఎత్తైన సునామీ రావచ్చని 2008లోనే అంతర్గతంగా లెక్కగట్టింది. రక్షణ ఏర్పాట్లు మాత్రం దాదాపు 6 మీటర్ల అంచనా దగ్గరే ఆగిపోయాయి. ఆ లెక్క నియంత్రణ సంస్థకు చేరింది 2011 మార్చి 7న. సునామీ వచ్చింది మార్చి 11న. జపాన్ పార్లమెంటు నియమించిన స్వతంత్ర దర్యాప్తు సంఘం ఈ ప్రమాదాన్ని మానవ తప్పిదంగా తేల్చింది. నియంత్రించాల్సినవారు నియంత్రణలో ఉండాల్సినవారి మాటకు లొంగిపోయారని నిర్ధారించింది.

2012 సెప్టెంబరులో పాత సంస్థను రద్దు చేసి, పర్యావరణ శాఖకు అనుబంధంగా ఐదుగురు సభ్యుల కొత్త నియంత్రణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేశారు. సభ్యుల నియామకానికి పార్లమెంటు ఉభయసభల సమ్మతి తప్పనిసరి. సమావేశాలను ప్రజలు ప్రత్యక్షంగా చూడవచ్చు. ప్రోత్సహించే శాఖ నుంచి వచ్చిన ఉద్యోగులు తిరిగి అక్కడికి వెళ్లకుండా నియమం పెట్టారు. ఈ మార్పుల ఫలితం 2024 నవంబరులో కనిపించింది. త్సురుగా రెండో యూనిట్ కింద చురుకైన భూభ్రంశం (భూపొరల్లో కదిలే పగులు) ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమంటూ, దాని పునఃప్రారంభాన్ని ఆ సంస్థ అధికారికంగా తిరస్కరించింది. కొత్త వ్యవస్థ ఏర్పడ్డాక అలాంటి తిరస్కరణ అదే మొదటిది. నియంత్రణ సంస్థ స్వతంత్రంగా ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు వెతకనక్కర్లేదు. ఆ సంస్థ ‘వద్దు’ అన్నది, ఆ మాట చెల్లింది.

అమెరికా ఈ విభజనను చాలా ముందే చేసింది. ప్రోత్సాహం, నియంత్రణ రెండూ చూసిన అణుశక్తి కమిషన్‌ను 1974 చట్టంతో రద్దు చేసి, 1975లో ప్రత్యేక అణు నియంత్రణ కమిషన్‌ను నెలకొల్పింది. ఐదుగురు కమిషనర్లను అధ్యక్షుడు నామినేట్ చేస్తారు, సెనేట్ ఆమోదించాలి. ముగ్గురికి మించి ఒకే పార్టీవారు ఉండరాదు. బడ్జెట్‌లో అధిక భాగం లైసెన్సుదారులు కట్టే రుసుముల నుంచే వస్తుంది. అయితే 2025 మేలో అధ్యక్షుడి ఉత్తర్వు కొత్త రియాక్టర్ దరఖాస్తులపై 18 నెలల్లో నిర్ణయం తీసుకోవాలని గడువు విధించింది. మరుసటి నెలలో ఒక కమిషనర్‌ను పదవి నుంచి తొలగించారు. చట్టంలో ఎంత పకడ్బందీగా రాసుకున్నా, వేగం ఒక్కటే లక్ష్యమైనప్పుడు నియంత్రణ సంస్థపై ఒత్తిడి పెరుగుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. 2047 లక్ష్యం పెట్టుకున్న భారత్ గమనించాల్సిన విషయమిది.

కొత్త చట్టంలో వచ్చినవి, రానివి

కొత్త చట్టం ప్రకారం అణు విద్యుత్ కేంద్రాన్ని నడిపే సంస్థకు రెండు అనుమతులు కావాలి. లైసెన్సు కేంద్ర ప్రభుత్వం ఇస్తుంది, భద్రతా అనుమతి మండలి ఇస్తుంది. ఈ రెండింటినీ వేరుచేయడం మంచి అడుగు. మండలి అధికారాలకు ఇప్పుడు పార్లమెంటు చట్టమే ఆధారం కాబట్టి, 2000లో జరిగినట్లు ఉత్తర్వుతో వాటిని కుదించడం మునుపటంత తేలిక కాదు.

రానిది, అణుశక్తి శాఖ వ్యవస్థ నుంచి మండలికి ఉండాల్సిన దూరం. మండలి ఛైర్మన్, సభ్యుల పేర్లను సూచించే ఎంపిక సంఘాన్ని ఏర్పాటు చేసేది మళ్లీ అణుశక్తి కమిషనే. అణు కార్యక్రమాన్ని ముందుకు నడిపించే కమిషనే దానికి కాపలా కాసేవారిని ఎంచుకునే పద్ధతి మారలేదు. జపాన్‌లోలాగా పార్లమెంటు ఆమోదం కానీ, అమెరికాలోలాగా మరో వ్యవస్థ వడపోత కానీ ఇక్కడ లేదు. రెండో అంశం పారదర్శకత. అణు కేంద్రాలకు సంబంధించిన నిర్దిష్ట సమాచారాన్ని పరిమిత సమాచారంగా ప్రకటించే అధికారం కేంద్రానికి ఉంది. ఆ మేరకు సమాచార హక్కు చట్టం కంటే ఈ చట్టానిదే పైచేయి. ఇంధన నిల్వల భద్రత వంటివి గోప్యంగా ఉండాల్సిందే. స్థల ఎంపిక సమీక్ష, ఘటనల నివేదిక, లైసెన్సు పునరుద్ధరణకు పెట్టిన షరతులు ఆ కోవలోకి రావు. గీత ఎక్కడ గీస్తారన్నది నిబంధనలు తేల్చాలి.

జరిమానా లెక్క, నష్టపరిహారం లెక్క

500 రూపాయల జరిమానా పోయి, ఉల్లంఘన తీవ్రతను బట్టి గరిష్ఠంగా కోటి రూపాయల వరకు విధించే ఏర్పాటు వచ్చింది. పెరుగుదల పెద్దదే. దీన్ని ఒక రియాక్టర్ ఆదాయంతో పోల్చి చూడాలి. 700 మెగావాట్ల రియాక్టర్ పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 1.68 కోట్ల యూనిట్లు ఉత్పత్తి చేస్తుంది. యూనిట్‌కు 4 రూపాయలని అనుకుంటే రోజుకు దాదాపు 6.7 కోట్ల రాబడి. అంటే గరిష్ఠ జరిమానా నాలుగు గంటల ఆదాయం కంటే తక్కువ. లోపం కనిపించినప్పుడు రియాక్టర్‌ను ఆపితే రోజుకు ఆరు కోట్లకు పైగా పోతుంది, ఆపకుండా దొరికిపోతే కోటి పోతుంది. లాభం కోసం నడిచే సంస్థ ఈ తేడాను లెక్కలోకి తీసుకోకుండా ఉండదు. కాబట్టి మండలికి అసలైన అస్త్రం జరిమానా కాదు, ఉత్పత్తి ఆపమని ఆదేశించగల అధికారమే. ఆ అధికారాన్ని వాడాలంటే పదవీకాలానికి భద్రత, సొంత నిధులు, సొంత నిపుణులు ఉండాలి.

బాధ్యత విషయంలోనూ ఇదే తర్కం వర్తిస్తుంది. 2010 చట్టంలోని 17వ సెక్షన్, లోపభూయిష్టమైన పరికరం వల్ల ప్రమాదం జరిగితే సరఫరాదారు నుంచి పరిహారం రాబట్టుకునే హక్కును అణు కేంద్రాన్ని నడిపే సంస్థకు ఇచ్చింది. భోపాల్ విషాదం మిగిల్చిన అనుభవమే ఆ సెక్షన్‌కు మూలం. విదేశీ కంపెనీలు వెనకాడటానికి అదే ప్రధాన కారణమైంది. కొత్త చట్టం ఆ హక్కును తొలగించింది. ఒప్పందంలో రాసుకుంటేనో, కావాలని నష్టం కలిగిస్తేనో తప్ప సరఫరాదారుపై దావాకు వీలులేదు. నడిపే సంస్థ బాధ్యతకూ రియాక్టర్ పరిమాణాన్ని బట్టి పరిమితులు పెట్టారు. అతిపెద్ద రియాక్టర్లకు అది 3,000 కోట్ల రూపాయలు. పరికరం నాణ్యంగా ఉండేలా చూసేందుకు ఇంతకాలం ఉన్న న్యాయపరమైన భయం ఇలా తగ్గింది. ఆ ఖాళీని భర్తీ చేయాల్సిన భారం తనిఖీల మీద, అంటే మండలి మీద, పడుతుంది. ఈ చట్టంలో అంతగా చర్చకు రాని పర్యవసానం ఇదే.

కొవ్వాడ, తుమ్మలపల్లె

తెలుగు రాష్ట్రాలకు ఇది దూరపు విషయం కాదు. దేశంలోని చాలా రియాక్టర్లకు ఇంధన కడ్డీలు హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో తయారవుతాయి. మణుగూరులో భారజల కర్మాగారం ఉంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున ఆరు వెస్టింగ్‌హౌస్ రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్లుగా పెండింగులో ఉంది. దానికి అడ్డుగా నిలిచిన కారణాల్లో సరఫరాదారు బాధ్యత ఒకటి. ఆ అడ్డు తొలగింది కాబట్టి ప్రాజెక్టు మళ్లీ కదిలే అవకాశం ఉంది.

కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012 నుంచి నడుస్తున్న యురేనియం శుద్ధి కర్మాగారం అనుభవం ఇక్కడ పనికొస్తుంది. వ్యర్థాల చెరువు వల్ల భూగర్భజలం చెడిపోయి పంటలు దెబ్బతింటున్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు, సంస్థ కాదంటూ వచ్చింది. ఫిర్యాదులు కాలుష్య నియంత్రణ మండలి దాకా వెళ్లాయి, నిపుణుల కమిటీలు పరిశీలించాయి. రేడియేషన్ ఒకరి పరిధి, నీటి కాలుష్యం మరొకరి పరిధి కావడంతో, తన బోరు నీళ్లు తాగవచ్చా లేదా అన్న రైతు ప్రశ్నకు ఒకేచోట, అర్థమయ్యే భాషలో జవాబు దొరకడం కష్టమైంది.

తమిళనాడులోని కూడంకుళం కేసులో 2013 మే 6న సుప్రీంకోర్టు అక్కడి అణు విద్యుత్ కేంద్రాన్ని అనుమతిస్తూనే 15 ఆదేశాలిచ్చింది. అలాంటి షరతులు న్యాయస్థానం నుంచి కాక, నియంత్రణ సంస్థ నుంచే, నిర్మాణానికి ముందే రావాలి. కొవ్వాడ స్థల ఎంపిక అనుమతి మీద మండలి నిర్ణయం తీసుకునేముందు, భూకంప, తుపాను, సునామీ అంచనాలతో, 16 కిలోమీటర్ల అత్యవసర ప్రణాళిక పరిధిలోని గ్రామాల వివరాలతో కూడిన సమీక్ష నివేదికను తెలుగులో ప్రచురించాలి. మత్స్యకార గ్రామాల అభ్యంతరాలను రాతపూర్వకంగా స్వీకరించి, ప్రతిదానికీ కారణంతో సమాధానమివ్వాలి. కొత్త చట్టం కింద రాసే నిబంధనల్లో ఈ రెండు షరతులనూ చేర్చడానికి చట్టంలో మార్పు అవసరం లేదు.